చెక్ మాట్లాడేవాళ్ల ఇంగ్లీషు పదాలు బీ2 దగ్గర ఎందుకు ఆగిపోతాయి, ఎలా కదిలించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఆయన చెక్, చెక్ దేశంలోని బ్ర్నోలో ఇంజనీరు, ఇంగ్లీషులో బీ2 స్థాయి (యూరప్ భాషాస్థాయుల్లో మధ్యస్థానికి పైది, దాని పై మెట్టు సీ1) చేరి చాలా కాలమైంది, ఇప్పుడు ఉద్యోగం కోసం కేంబ్రిడ్జి వాళ్ల సీ1 అడ్వాన్స్‌డ్ పరీక్ష రాయాలి. ఫోన్లో వేల కొద్దీ ఫ్లాష్ కార్డులున్నాయి, రోజూ తిప్పుతున్నారు, చూస్తే అర్థం తెలుస్తోంది, కానీ మాట్లాడినా మెయిల్ రాసినా అవే పాత మాటలు వస్తున్నాయి, ఇంకా ఎన్ని పదాలు నేర్చుకోవాలి అని టెన్షన్. నేను ఇక్కడే చాలా ఏళ్లుగా పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెక్ వాళ్లే, వాళ్లలో చాలామంది సరిగ్గా ఇదే బాధతో వస్తారు. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, వీలైతే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు సూటిగా జవాబు. కొత్త పదాలు కొన్నాళ్లు ఆపేయమనండి. ఆయనకి కావలసిన మాటల్లో ఎక్కువ భాగం ఆయనకి సగం తెలిసే ఉన్నాయి, ఆ సగాన్ని పూర్తి చెయ్యడమే పని. పుస్తకాలూ పత్రికలూ సాఫీగా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) తెలియాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు, అది విని జనం బెదిరిపోతారు. కానీ 2000లో ఎవరిల్ కాక్స్‌హెడ్ తయారు చేసిన అకడమిక్ పదాల జాబితా చూడండి, అందులో ఉన్నవి 570 కుటుంబాలే, వాటిలో అనాలిసిస్, కాన్సెప్ట్, స్ట్రక్చర్, ఫ్యాక్టర్, ప్రాసెస్ లాంటివన్నీ చెక్‌లో దాదాపు అదే రూపంలో ఉన్నాయి. అంటే గుర్తుపట్టడం ఆయన సమస్య కాదు. ఆ మాట ఎవరితో కలిసి నడుస్తుందో, ఎక్కడ వాడకూడదో, పక్క రూపం ఏమిటో తెలియకపోవడమే సమస్య. కార్డు మీద ఒక వైపు చెక్ మాట, రెండో వైపు ఇంగ్లీషు మాట రాసుకుంటే ఈ మూడింట్లో ఒక్కటీ రాదు.

ఇప్పుడు ఆయన దగ్గరున్న ఆస్తి గురించి. చెక్ వాళ్లు దీన్ని దాదాపు ఎప్పుడూ వాడుకోరు, నాకు దాని మీదే బెంగ. మనకి ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఎలాగో, చెక్‌లో చాలా క్రియలకి ముందు ఉపసర్గలు తగిలించి కొత్త అర్థాలు పుట్టిస్తారు. ప్సాత్ అంటే రాయడం. ముందు 'ప్ర్షెదె' పెడితే ప్రిస్క్రైబ్, డాక్టరు మందు రాయడం. 'పొ' పెడితే డిస్క్రైబ్. 'ప్ర్షి' పెడితే అస్క్రైబ్, ఒక గుణాన్నో పనినో ఒకరికి ఆపాదించడం. ఇక జామెట్రీ క్లాసులో త్రిభుజం లోపల గీసే వృత్తాన్ని వెప్సనా అంటారు, బయట గీసేదాన్ని ఒప్సనా అంటారు, అవి ఇంగ్లీషులో ఇన్‌స్క్రైబ్డ్, సర్కమ్‌స్క్రైబ్డ్. లాటిన్ 'స్క్రైబ్' అంటే రాయడమే, చెక్ 'ప్సాత్' అంటే రాయడమే, ముందు తగిలించిన ముక్కలు కూడా ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఇది కాకతాళీయం కాదు. చదువుకున్నవాళ్ల చెక్ మాటల్లో చాలా భాగం లాటిన్, జర్మన్ మాటల్ని ముక్క ముక్కగా విడగొట్టి స్లావిక్ ముక్కలతో మళ్లీ కట్టుకున్నవే. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ నీడలోంచి భాషని బయటికి తెచ్చుకునే ఉద్యమంలో ఈ పని ఇంకా పెరిగింది. యొసెఫ్ యుంగ్‌మన్ అయిదు సంపుటాల చెక్-జర్మన్ నిఘంటువు 1834 నుంచి 1839 దాకా వచ్చింది ఆ రోజుల్లోనే.

కాబట్టి ఇండిపెండెన్స్ అనే మాటని ఆయన పొడుగు శబ్దంగా బట్టీ పట్టక్కర్లేదు. చెక్‌లో నెజావిస్లొస్త్, అందులో 'విసెత్' అంటే వేలాడటం, లాటిన్ 'పెండ్' కూడా వేలాడటమే. ప్రెజుడిస్ అంటే ప్ర్షెద్‌సుదెక్, రెండూ ముందే తీర్పు చెప్పేయడం. కాన్షన్స్ అంటే స్వ్యెదొమీ, 'తోడుగా తెలియడం'. ఇన్‌ఫ్లుయెన్స్ అంటే వ్లివ్, లోపలికి ప్రవహించడం. రెస్పాన్సిబిలిటీ అంటే ఒద్‌పొవ్యెద్‌నొస్త్, రెండింట్లోనూ ఉన్నది జవాబు చెప్పడమే. వ్యాకరణంలో కర్త, కర్మలకి వాడే సబ్జెక్ట్, ఆబ్జెక్ట్ కూడా అంతే, చెక్‌లో పొద్‌మ్యెత్, ప్ర్షెద్‌మ్యెత్, కింద వేసింది, ముందు వేసింది. ఇవి ఒకసారి విప్పి చూపిస్తే చెక్ వాళ్ల మొహాలు వెలిగిపోతాయి, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్న మాట లోపల ఏముందో వాళ్లు కూడా ఎప్పుడూ చూసి ఉండరు.

ఇదే తాళంచెవి ఫ్రేజల్ వెర్బ్స్‌కి (పుట్ ఆఫ్ లాగా క్రియకి చిన్న ముక్క తగిలించిన మాటలకి) కూడా పనికొస్తుంది. లొజిత్ అనే ముక్క (విడిగా వాడరు, ఉపసర్గతోనే వస్తుంది) అంటే పెట్టడం. ఒద్‌లొజిత్ అంటే పుట్ ఆఫ్, వాయిదా వెయ్యడం, 'ఒద్' అంటే దూరంగా. వ్లొజిత్ పుట్ ఇన్. స్లొజిత్ పుట్ టుగెదర్, లాటిన్ వేషంలో కంపోజ్, అందుకే దాని జంట క్రియ స్క్లాదత్ నుంచి సంగీతం కూర్చేవాణ్ణి స్క్లదతెల్ అంటారు. రొజ్‌లొజిత్ డీకంపోజ్. ప్ర్షెద్‌లొజిత్ పుట్ ఫార్వర్డ్, దాని లాటిన్ చుట్టం ప్రపోజ్. ఇంగ్లీషువాళ్ల దగ్గర ఒకే పనికి రెండు వరసల మాటలున్నాయి, ఇంట్లో మాట్లాడే చిన్న ముక్కల వరస, ఆఫీసులో రాసే లాటిన్ వరస. చెక్‌లో ఒకే మాట రెండు చోట్లా నడుస్తుంది. అందుకని ఒక చెక్ క్రియ తీసుకుని దానికి ఎదురుగా ఇంగ్లీషు మాటలు రెండు రాసుకోవాలి, స్నేహితుడితో అనేది ఒకటి, రిపోర్టులో రాసేది ఒకటి. బీ2 కీ సీ1 కీ మధ్య తేడాలో సగం ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను.

కానీ హద్దులు కూడా చెప్పాలి. చెక్ ఉపసర్గ చాలాసార్లు పని పూర్తయిందని మాత్రమే చెబుతుంది, నప్సత్ అంటే రాసి ముగించడం, దానికి ఇంగ్లీషులో జత వెతకడం వృథా. కొన్నిచోట్ల కట్టుబడి సరిపోయినా వాడుక దారి తప్పింది, పొదెప్సత్ అక్షరాలా సబ్‌స్క్రైబే, కానీ దాని అర్థం సంతకం చెయ్యడం, సబ్‌స్క్రైబ్ ఇప్పుడు చందాకి పోయింది. కాబట్టి ఇది గుర్తుంచుకోవడానికి కొక్కెం, అర్థానికి హామీ కాదు. ఇంకోటి, 'కాదు' అని చెప్పడానికి చెక్‌లో ముఖ్యంగా 'నె' ఒక్కటే ఉంది, ఇంగ్లీషులో అన్, ఇన్, ఇల్, ఇర్, డిస్, మిస్ అని అరడజను. ఇక్కడ చెక్ ఏమీ సాయం చెయ్యదు, మాట నేర్చుకున్న రోజే దాని వ్యతిరేకం కూడా రాసుకోవాలి, అంతే.

ఇక చెక్ ఎక్కడ కాలు పట్టి లాగుతుందో చూద్దాం. అక్తువాల్నీ అంటే ఇప్పటిది, యాక్చువల్ కాదు. ఎవెంతువాల్న్యె అంటే ఒకవేళ, ఈవెంచువల్లీ కాదు. సింపతిత్స్కీ అంటే నచ్చే మనిషి, సింపథెటిక్ కాదు. హొస్త్ అంటే అతిథి, ఇంగ్లీషు హోస్ట్‌కి సరిగ్గా ఎదురు. ఇవి అందరికీ తెలిసినవే, మీ ఆయన కూడా దాటేసే ఉంటారు. ఆయన స్థాయిలో దెబ్బ తీసేవి వేరు, ఎందుకంటే అవి తప్పులా కనబడవు. యూనివర్సిటీ చదువు పూర్తి చేశాను అనడానికి చెక్‌లో అబ్సొల్వొవత్, దాన్ని ఇంగ్లీషులోకి అలాగే తెచ్చి అబ్సాల్వ్ అంటే పాపాలు క్షమించినట్టు అవుతుంది. ప్రాజెక్టు అమలు చెయ్యడానికి రెయలిజొవత్ అంటారు కాబట్టి రియలైజ్ ది ప్రాజెక్ట్ అని రాసేస్తారు, అక్కడ క్యారీ అవుట్ కావాలి. కొంత్రొలొవత్ అంటే సరిచూడటం, ఐ విల్ కంట్రోల్ యువర్ రిపోర్ట్ అని మెయిల్ పెడితే అవతలివాడికి పెత్తనంలా వినిపిస్తుంది. ఎవిదెన్త్సె అంటే రికార్డుల నమోదు, సాక్ష్యం కాదు. గెనియాల్నీ అంటే మహా తెలివైనది, జీనియల్ అంటే స్నేహంగా ఉండే మనిషి. ఇలాంటివి ఆయన రాసిన పాత మెయిల్స్‌లోంచే ఏరుకోమనండి. నెట్‌లో దొరికే పొడుగు జాబితాలు చదివితే ఆయన ఎప్పుడూ చెయ్యని తప్పులు కూడా బుర్రలోకి ఎక్కుతాయి.

వీటికంటే కష్టమైనది, ఒక చెక్ మాట ఇంగ్లీషులో రెండు మూడుగా చీలే చోటు. ఇది మనకి బాగా అర్థమవుతుంది, ఎందుకంటే తెలుగులో చెయ్యి, కాలు, వేలు ఎలాగో చెక్‌లో రుక, నొహ, ప్ర్‌స్త్ అచ్చం అలాగే, హ్యాండ్-ఆర్మ్, లెగ్-ఫుట్, ఫింగర్-టో తేడా లేదు. పైస్థాయిలో ఇదే కథ పొలితికకి వస్తుంది, పాలిటిక్స్, పాలసీ రెండూ అదే. బెస్పెచ్‌నొస్త్ అంటే సేఫ్టీ, సెక్యూరిటీ రెండూ. మీ ఆయన ఇంజనీరు కదా, ఈ రెండోది కలిపేస్తే మిషన్ భద్రత గురించి రాసిన పేజీ డేటా చోరీ గురించి రాసినట్టు చదువుకోవచ్చు. మొజ్‌నొస్త్ అంటే పాసిబిలిటీ, ఆప్షన్, ఆపర్చ్యూనిటీ మూడూ.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ప్రీ. ఈ చిన్న మాట అచ్చం మన 'అట'. మంత్రి రాజీనామా చేస్తాడట, ప్రీ ఒద్‌స్తొఉపీ. చెప్పేవాడు చూడలేదు, విన్నాడు. తెలుగులో అట, చెక్‌లో ప్రీ, పని అయిపోతుంది. ఇంగ్లీషులో ఆ ఒక్క 'అట'ని ఎలా చెప్పాలో తేల్చుకోవాలి. రిపోర్టెడ్లీ అంటే వార్తల్లో వచ్చింది, నేను పక్షం తీసుకోవట్లేదు. అలెజెడ్లీ అంటే ఆరోపణ ఉంది, రుజువు కాలేదు, నేరాల వార్తల్లో ఇదే. సపోజెడ్లీ అంటే అంటున్నారు గానీ నాకు నమ్మకం లేదు. అపరెంట్లీ అంటే నాకు తెలిసింది ఇదీ, మామూలు కబుర్లలో. ఈజ్ సెడ్ టు అంటే జనవాక్యం. చెక్ వాళ్లు బీ2 దగ్గర దేనికైనా దే సే దట్ అనేస్తారు, అర్థమవుతుంది, కానీ చెప్పేవాడి వైఖరి పోతుంది. సీ1 లో చూసేది ఆ వైఖరినే. ఈ అయిదూ వారం పాటు రోజూ ఒక వార్త మీద పెట్టి మాట్లాడించండి. అయిదు కొత్త అరుదైన మాటలు నేర్చుకున్నదానికంటే ఎక్కువ లాభం ఉంటుంది.

జత మాటల (ఏ మాట పక్కన ఏ మాట వస్తుందనే) సంగతి కూడా ఇలాంటిదే, అక్కడ ఒకే విశేషణం అల్లరి చేస్తుంది. సిల్నీ అంటే బలమైన. చెక్‌లో వాన బలమైనది, ట్రాఫిక్ బలమైనది, పొగతాగేవాడు బలమైనవాడు, కాఫీ బలమైనది, గాలి బలమైనది. ఇంగ్లీషులో కాఫీకీ గాలికీ యాసకీ స్ట్రాంగ్ సరిపోతుంది, వానకీ ట్రాఫిక్‌కీ పొగతాగేవాడికీ హెవీ కావాలి. మళ్లీ జబ్బు చెక్‌లో 'బరువైనది', ఇంగ్లీషులో సీరియస్. దీనికి సూత్రం లేదు, సూత్రం వెతికితే కాలం వృథా. నామవాచకం పట్టుకుని దాని చుట్టూ ఉండే మాటలు కలిపి నేర్చుకోవాలి.

వాక్యం కట్టే పద్ధతి వల్ల కూడా కొన్ని మాటలు ఎప్పటికీ బయటికి రావు, దీన్ని టీచర్లు కూడా తక్కువ చెబుతారు. ఆ హాల్లో 200 మంది పడతారు అంటాం మనం. చెక్ వాళ్లు కూడా అలాగే హాల్లోకి 200 మంది పడతారనే అంటారు, చోటు ముందు, కొత్త సంగతి చివర. ఇంగ్లీషు ఆ చోటునే కర్తని చేస్తుంది, ది హాల్ సీట్స్ 200. అలాగే 1989లో కమ్యూనిస్టు పాలన కూలిపోయింది అని మనమూ చెక్ వాళ్లూ అంటే, ఇంగ్లీషు పత్రిక 1989 సా ది ఫాల్ అని రాస్తుంది, సంవత్సరం చూసింది అన్నట్టు. 1926లో ప్రాగ్ భాషాశాస్త్ర వర్గాన్ని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు విలెమ్ మథెసియుస్ ఇంగ్లీషు ప్రొఫెసరే, ఈ రెండు భాషల వాక్యాల్ని పక్కపక్కన పెట్టి చూసినవాడాయన. తర్వాత బ్ర్నోలో యన్ ఫిర్బస్ ఆ పని ముందుకి తీసుకెళ్లాడు. అంటే మీ ఊళ్లోనే పెరిగిన చదువు ఇది. సీ, సీట్, హౌస్, ఫీచర్, బోస్ట్, విట్‌నెస్ లాంటి క్రియలు మీ ఆయనకి అర్థమవుతాయి గానీ నోటికి రావు, ఎందుకంటే చెక్ వాక్యంలో వాటికి పని లేదు. పని కల్పించాలంటే చోటుతోనో కాలంతోనో వాక్యం మొదలుపెట్టి దాన్నే కర్తగా నిలబెట్టమనాలి, అప్పుడు క్రియ దానంతట అదే కావలసివస్తుంది.

ఉచ్చారణ పదాల్లో భాగం కాదనుకుంటారు. అది కాదు. చెక్‌లో మాట చివర వచ్చే సరళమైన హల్లు పరుషంగా మారిపోతుంది, 'జ్' 'స్' అవుతుంది, 'వ్' 'ఫ్' అవుతుంది. అందుకని ప్రూవ్ ప్రూఫ్‌లా, అడ్వైజ్ అడ్వైస్‌లా, బిలీవ్ బిలీఫ్‌లా వినిపిస్తాయి, మెల్లగా రాతలో కూడా క్రియా నామమా అన్నది కలిసిపోతుంది. ఇంకోటి, చెక్‌లో ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. ఇంగ్లీషులో ఫోటోగ్రాఫ్, ఫోటోగ్రఫర్, ఫోటోగ్రాఫిక్ మూడింట్లో మూడు చోట్లకి మారుతుంది. పదకుటుంబం చెవితో నేర్చుకోకపోతే చదివినప్పుడు తెలిసిన మాట వింటే తెలియదు. చెక్ టీవీలో విదేశీ సినిమాలు ఎక్కువగా డబ్బింగ్‌తోనే వస్తాయి కాబట్టి ఆయన చెవికి ఆ అలవాటు తక్కువ. ఇంట్లో సిరీస్ పెడితే అసలు గొంతు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టండి, చెక్ సబ్‌టైటిల్స్ వద్దు.

సాధనాలు ఎక్కువ చెప్పను, మూడు చాలు. ఒకటి ట్రెక్ (Treq), చెక్ నేషనల్ కార్పస్ (నిజంగా వాడిన వాక్యాల పెద్ద భాండారం) వాళ్లది, ఉచితం. చెక్ మాట కొడితే అనువాదాల్లో దానికి ఏయే ఇంగ్లీషు మాటలు ఎన్నిసార్లు వాడారో వరసగా వస్తుంది, నొక్కితే వాక్యాలు కూడా. ప్రీ కొట్టి చూడమనండి. రెండోది స్కెల్ (SkELL), స్కెచ్ ఇంజిన్ వాళ్లది, అది కూడా ఉచితం, దాని వెనక మసరిక్ యూనివర్సిటీ పరిశోధకులున్నారు, అంటే ఇది కూడా బ్ర్నో సరుకే. ఒక నామవాచకం ఇస్తే దాని ముందు వచ్చే విశేషణాలు, పక్కన వచ్చే క్రియలు చూపిస్తుంది, పైన చెప్పిన హెవీ-స్ట్రాంగ్ గొడవ అక్కడ నిమిషంలో తేలిపోతుంది. మూడోది రేడియో ప్రాగ్ ఇంటర్నేషనల్ ఇంగ్లీషు వార్తలు, 1936 నుంచీ ఉన్న సంస్థ. ముందురోజు చెక్‌లో చదివిన వార్తనే ఇంగ్లీషులో చదవమనండి. విషయం ముందే తెలుసు కాబట్టి బుర్ర మొత్తం మాటల మీద ఉంటుంది, ఫలానా చెక్ మాటకి వీళ్లు ఏం వాడారు అని వెతుక్కుంటుంది. ఇదొక్కటి క్రమంగా చేసినవాళ్లు త్వరగా కదలడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

కార్డులు పారేయక్కర్లేదు, మార్చాలి. చెక్-ఇంగ్లీషు మాటల జతలు తీసేసి, ఆయన పనికి సంబంధించిన వాక్యం రాసి ఒక మాట ఖాళీ వదలాలి. రోజుకి కొత్తవి ఏడెనిమిది దాటకూడదు. సాయంత్రం ఆ మాటలతో ఒకే విషయం మూడుసార్లు చెప్పాలి, మొదట నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు, తర్వాత రెండు. సమయం తగ్గేకొద్దీ వెతుక్కోవడం తగ్గి మాట నోటికి అలవాటవుతుంది. ఫోన్లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

పరీక్ష గురించి ఒక్కమాట. రీడింగ్ అండ్ యూజ్ ఆఫ్ ఇంగ్లీష్ పేపరు 90 నిమిషాలు, 56 ప్రశ్నలు. అందులో మొదటి నాలుగు భాగాలూ నేను పైన చెప్పినవాటినే అడుగుతాయి, జత మాటలు, చిన్న వ్యాకరణ ముక్కలు, మూలపదం నుంచి రూపం కట్టడం, ఒక వాక్యాన్ని మూడు నుంచి ఆరు మాటల్లో తిప్పి రాయడం. అరుదైన మాటలు ఎక్కడా అడగరు. రైటింగ్‌లో నెట్‌లో ఏరిన జాతీయాలు బలవంతంగా దూర్చిన వ్యాసం చదవగానే తెలిసిపోతుంది, దాని జోలికి పోవద్దనండి.

చివరగా మీరు చెయ్యగలిగింది, మీరు అడగలేదు గానీ ఇది ముఖ్యం అనిపించింది. మీ ఇద్దరికీ ఇంట్లో ఇంగ్లీషే భాష అని రాశారు. ఇద్దరికీ అది సొంత భాష కాదు, ఒకరి మాట ఒకరికి సగంలోనే అర్థమైపోతుంది, అందుకని ఆ ఇంగ్లీషు ఒకచోట ఆగిపోతుంది, మిశ్రమ కుటుంబాల్లో ఇది చాలా మామూలు. తప్పులు దిద్దడం మొదలుపెట్టకండి, భోజనాల దగ్గర అది ఎవరికీ బాగుండదు. ఆయన ఆఫీసు కబురు చెబుతూ బిగ్ ప్రాబ్లమ్ అన్నప్పుడు, ఎలాంటి ప్రాబ్లమ్ అని అడగండి, మళ్లీ మళ్లీ వచ్చేదా, అనుకోకుండా వచ్చిందా, చిన్నదే గానీ చిరాకు పెట్టేదా. జవాబు చెప్పాలంటే రికరింగ్, అన్‌ఫోర్‌సీన్, నిగ్లింగ్ లాంటి మాట ఆయనే వెతుక్కోవాలి. దొరక్కపోతే చెక్‌లో చెప్పి ముందుకి వెళ్లమనండి, ఆ మాట రాసి పెట్టుకుని మర్నాడు ట్రెక్‌లో చూసుకోమనండి.